రాఘవేంద్రన్ వెతికిన కార్డు

పొద్దున ఏడున్నర. మాసి నెల, శివరాత్రి దినాలు, మంచు ఇంకా పూర్తిగా విడవలేదు, అయినా నల్లరేగడి మీంచి వేడి లేస్తా ఉండాది. నా కడుపులో ఏమీ లేదు. పందెం రోజు బండి తోలేవాడు తినడు, తింటే ఎద్దులకి బరువు. రాఘవేంద్రనూ తినలేదు.

"నేనంటే బండి ఎక్కాల. నీకేందిరా పస్తు? నీ కెమెరాను ఎద్దులు లాగతాయా?" అన్నాను.

"నువ్వు పస్తుండి తోలతావు, నేను తిని చూస్తా నిలబడాలా అన్నా?" అన్నాడు. వాడు అట్లాంటోడు.

రెండువేల ఆరు అది. కడంబూరు పక్కన ఎద్దుల బండ్ల పందెం. రాఘవేంద్రన్‌కి కోవిల్‌పట్టి బస్టాండు వెనక చిన్న స్టుడియో. పెండ్లిండ్లకి ఫోటోలు తీస్తాడు. ఆ ఏడే పాత రీలు కెమెరా వదిలేసి డిజిటల్ది కొన్నాడు. నేను విరుదునగర్‌లో పప్పు మండీలో మూటలు మోసేవాణ్ణి. అయిదో క్లాసుతో బడి మానేసినోణ్ణి. పందేలు వస్తే మాత్రం బండి తోలతా. ఎద్దులు రాఘవేంద్రన్ వాళ్ళక్క కమలమ్మాళ్‌వి. మొగుడు పోయినాక ఆ జతని బిడ్డల మాదిరి పెంచింది. పత్తిగింజలు తనే రుబ్బి పెట్టేది.

ఆ పొద్దు రెండు బండ్లు ఒకేసారి సున్నపు గీత దాటినాయి. పగ్గాలు పట్టిన నాకు తెలుసు, మా ఎడమ ఎద్దు మూతి ముందు పోయింది. కమిటీవాళ్ళేమో జెండా రామకృష్ణన్ బండికి ఎత్తినారు. రామకృష్ణన్ నరికుడి పక్క ఆసామి. వానికి మూడు జతల ఎద్దులు, వెనక ఇరవై మంది మనుషులు. మైకు తీసుకుని అన్నాడు: "ఆడది పెంచిన ఎద్దులకి పేడ వేసేదే తెలుసు. పరిగెత్తేది మగోళ్ళ ఎద్దులకి వదలండమ్మా."

జనమంతా నవ్వినారు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో మంట. అక్క పగ్గం పట్టుకుని అట్లే నిలబడింది. తల వంచలేదు, ఏడవలేదు. దానికే నాకు గుండె మండింది.

రాఘవేంద్రన్ గుంపులో దూరి అరిచినాడు: "ఫోటో ఉండాది! గీత పక్కనే నిలబడి తీసినా!"

"ఉంటే చూపించు తంబి. మీ ఎద్దు ముందుంటే ఇదే మైకులో నాదే తప్పని చెప్పి మీ అక్క కాళ్ళకి దండం పెడతా."

కెమెరా వెనక చిన్న అద్దంలో చూసినాము. ఆరు ఫోటోల్లో బండ్లు వస్తా ఉండాయి. ఏడో ఫోటోలో దాటిపోయి దుమ్ము మాత్రం ఉండాది. గీత మీద ఉన్నది ఒక్కటీ లేదు. రామకృష్ణన్ నవ్వి, "దుమ్ము బాగా తీసినావు తంబి, ఫ్రేము కట్టించుకో" అన్నాడు.

వచ్చేటప్పుడు బండి మీద చెప్పినాడు రాఘవేంద్రన్. కెమెరా లోపల చిన్న కడుపు ఉంటాదంట. బటన్ పట్టుకునే ఉంటే ఫోటోలు వరసగా అందులో పడతాయి. అక్కడి నుంచి కార్డు మింగాల. కార్డు మెల్లగా మింగితే కడుపు నిండిపోయి కెమెరా ఆగిపోతుంది. ఎర్ర లైటు వెలుగుతా ఉంటాది, నువ్వు ఎంత నొక్కినా పలకదు.

"నేనే పాడు చేసినా అన్నా. కెమెరాతో వచ్చిన చవక కార్డే పెట్టినా."

"చేసింది వాడు. నువ్వు కాదు. వాణ్ణి మైకు ముందు నిలబెట్టాల," అన్నాను. ఆ రోజు నుంచి ఇద్దరికీ అదే పని.

పందెం నోటీసులో రామకృష్ణన్ మొహం రాఘవేంద్రన్ కత్తిరించి స్టుడియో గోడకి అంటించినాడు. కెమెరా సరిచూసుకునేదానికి వాని ముక్కునే గురి పెట్టేవాడు.

కార్డు కోసం మొదట విరుదునగర్‌లో కెమెరా సామాన్లు అమ్మే పెద్దాయన, అందరూ అన్నాచ్చి అంటారు, ఆయన అంగడికి పోయినాము. కార్డు అగ్గిపెట్టెలో సగం ఉంటాది, అంచున చీమ బొక్కల మాదిరి వరస. పైన ఒక అంకె, పక్కన ఇంటూ గుర్తు. ఒకదాని మీద నలభై, ఒకదాని మీద ఎనభై, ఇంకోదాని మీద నూటముప్పైమూడు. అంకె పెద్దదైతే వేగం అంట. వేసి చూసే తీసుకుంటానన్నాడు రాఘవేంద్రన్. అంగడి గోడకి గురిపెట్టి నొక్కినాడు. లెక్కపెట్టేది నేను. టక్ టక్ టక్ అని ఇరవై రెండు దాకా ఆగలేదు.

"ఏమయ్యా, నా గోడకి పెండ్లా?" అన్నాడు అన్నాచ్చి.

"గోడకి కాదు అన్నాచ్చి, ఒకనికి కర్మ చేసేదానికి," అన్నాను.

ఆ నూటముప్పైమూడు కొనుక్కుని కడంబూరు స్టేషన్‌కి పోయి, వచ్చే రైలుకి గురిపెట్టినాడు. తొమ్మిది ఫోటోలకే ఆగిపోయింది. రెండు రోజులు కూర్చుని కనిపెట్టినాడు. తెల్లగోడలో ఏమీ లేదు, అందుకని ఆ ఫోటో చిన్న ముద్ద. రైల్లో కిటికీలు, మొహాలు, కమ్ములు ఉండాయి, అది పెద్ద ముద్ద. పందెంలో జనం, దుమ్ము, ఎద్దుల వెంట్రుకలు అన్నీ ఉంటాయి గదా. అంతే కాదు, ఆ కార్డు మీద అంకె కూడా అబద్ధమంట, ఎవడో మెల్ల కార్డుకి వేగం కాగితం అంటించినాడు.

అప్పటి నుంచి రైలు ముందే పరీక్ష. అన్నాచ్చి పాపం మంచోడు, మారుస్తానే ఉన్నాడు. నాలుగు కార్డులు మారినాయి. ఎనభై అని రాసిన ఒక మసక కార్డు పెట్టినప్పుడు ఇంజను నుంచి కడపటి పెట్టె దాకా కెమెరా ఆగలేదు. రాఘవేంద్రన్ ప్లాట్‌ఫారం మీదే కూర్చుండిపోయినాడు. "ఇంక వాడు తప్పించుకోలేడన్నా" అన్నాడు. కండ్లలో నీళ్ళు.

మళ్ళీ మాసి వచ్చింది. అదే పందెం, అదే గీత, అదే రామకృష్ణన్. రెండు బండ్లు మళ్ళీ పక్కపక్కనే వచ్చినాయి. ఈసారీ మా ఎడమ ఎద్దు మూతే ముందు పోయినట్టు నాకు తెలిసింది. కమిటీవాళ్ళు జెండా మాకే ఎత్తినారు. రామకృష్ణన్ మీదికి వచ్చినాడు.

"అబద్ధం! దాని తమ్ముడే ఫోటో తీసినాడు గదా, చూపించమను! వాడు చూపించేదానికి నేను కట్టుబడతా!"

నేను బండి దిగి పరిగెత్తినాను. రాఘవేంద్రన్ కెమెరా అద్దం చూస్తా ఉండాడు, మొహంలో నెత్తురు లేదు. నాకు మాత్రం కనపడేటట్టు తిప్పినాడు. ఎనిమిదో ఫోటో. సున్నపు గీత మీద రామకృష్ణన్ ఎద్దు మూతి. మాది జానెడు వెనక. దుమ్ము లేదు, మసక లేదు.

పోయినేడు కూడా నాకు ఇట్లే తెలిసింది గదా, మాదే ముందని. ఆ మాట వాడనలేదు, నేను అనలేదు.

"చూపించాల అన్నా," అన్నాడు మెల్లగా.

"అక్కని చూడరా. ఆడ నిలబడి ఉండాది చూడు."

"చూసినా. అయినా చూపించాల."

వాని చేతిలో కెమెరా పీకి, మూత తీసి, కార్డు లాగినాను. బండి దగ్గరికి పోయి, ఎవరూ చూడకముందే చక్రం కిందకి వేసి ఎద్దుని అదిలించినాను. ఇనప పట్టా దాని మీద ఎక్కింది. వెనక్కి వచ్చి, "కార్డు చెడిపోయింది, ఫోటో రాలేదు" అని కమిటీవాళ్ళకి చెప్పినాను. రాఘవేంద్రన్‌ని అడిగినారు. వాడు అవుననలేదు, కాదనలేదు. నేల చూసినాడు. జెండా మాకే నిలిచింది.

పోయినేడు రామకృష్ణన్ అన్న మాట పట్టుకుని జనం వదలలేదు. "మైకు! మైకు!" అని అరిచినారు. రామకృష్ణన్ మైకు పట్టుకుని, పోయినేడు తప్పు మాట అన్నానని ఒప్పుకున్నాడు. అక్క ముందు వంగినాడు. అక్క, "లేవయ్యా, ఎద్దులు చూస్తా ఉండాయి" అన్నది. ఆ మాటకి జనం ఎంత నవ్వినారో! అక్క పోయి మూడేండ్లు, అందుకే ఇప్పుడు చెప్తుండా. వాడు వంగిన ఆ నడుము గుర్తొస్తే నాకు ఇప్పటికీ కూడు తీయగా ఉంటాది. ఇంకోసారి అయినా అదే చేస్తా.

ఆ నడుము ఫోటో మాత్రం లేదు. రాఘవేంద్రన్ కెమెరా మళ్ళీ పైకెత్తలేదు. ఆ పొద్దు అక్క వడ్డించిన కూడు ముట్టలేదు. ఎన్నిసార్లు పోయినా స్టుడియో షట్టరు సగం దించే ఉండేది. లోపల ఉండి కూడా పలికేవాడు కాదు.

పన్నెండో రోజు, గురువారం. మూటలు దించేదానికి లారీతో కోవిల్‌పట్టి వచ్చినా. బస్టాండు బయట లారీ పక్కన పొట్లం విప్పి తింటా ఉండాను. రాఘవేంద్రన్ ఒక పెట్టె, ఒక సంచితో వచ్చినాడు. కెమెరా బ్యాగు లేదు. నాలుగడుగుల దూరంలో నిలబడి నన్ను చూసినాడు. "రారా, తిందాము" అని పొట్లం చాపినాను. వాడు తూత్తుకుడి బస్సు ఎక్కి, అవతల పక్క కిటికీ దగ్గర కూర్చున్నాడు.