డి డ్రైవులో మామిడి తొక్కు

ఆ రోజుల్లో రాయాలని లేక కాదు, రాయడం రాక రాయలేదు. ముప్పై రెండేళ్లు వచ్చేదాకా నాది వేలిముద్రే. మహిళా సంఘంలో సంతకం నేర్చుకున్నాక ఆగలేక అక్షరాలన్నీ నేర్చుకున్నాను. ఆ ఊపులోనే దేవరుప్పుల నుంచి రోజూ జనగామకు కంప్యూటర్ క్లాసుకూ పోయాను. (క్లాసులో పిల్లలు నన్ను అవ్వా అనేవాళ్లు. నాకప్పటికి నలభై కూడా నిండలేదు.) కొత్తగా అక్షరాలు వచ్చినదాన్ని కదా, ఎక్కడైనా పూర్తి అడ్రసు రాసే పిచ్చి పట్టుకుంది. వంటింట్లో పప్పు డబ్బా మీద కూడా ఇంటి నంబరు, ఊరు, మండలం, జిల్లా రాశాను. ఈ డబ్బా ఎక్కడికి పోతుందని మా ఆయన అడిగితే, కింద పిన్‌కోడు కూడా చేర్చాను.

మా సంఘం పెట్టే తొక్కులకు, అంటే పచ్చళ్లకు, నెట్‌లో ఒక పేజీ తయారుచేసే పని నాకు అప్పగించారు. భూపాలపల్లిలో ఒక పెద్ద క్యాంటీన్‌కు ఏడాది పొడుగునా తొక్కులు కావాలట. సంఘం లీడరు పెద్దక్క ఆ పేజీని మేనేజరుకు ఫోన్లో చూపించాల్సిన రోజుకు ముందురోజే అక్కడికి పోయింది. ఆ ఆర్డరు వస్తేనే మా పన్నెండు మందికి ఆ ఏడు కూలికి పోయే బాధ తప్పుతుంది. పేజీలో ఫోటో కనిపించాలంటే అది ఎక్కడుందో దారి రాయాలి. క్లాసులో పక్క పిల్లలు తమ పేజీల్లో ఫోల్డరు పేరు, ఫోటో పేరు రాసి ఊరుకుంటే ఆ సగం అడ్రసులు చూసి జాలిపడ్డాను. నేను మాత్రం డి డ్రైవు దగ్గర మొదలుపెట్టి, నా పేరు, సంఘం పేరు మీదుగా ఫోటో దాకా పూర్తిగా రాశాను. నా కంప్యూటర్లో మామిడి తొక్కు నూనెతో సహా మెరిసింది. పేజీతో పాటు బొమ్మల ఫోల్డరునూ నెట్‌లోకి ఎక్కించాం.

సాయంత్రం పెద్దక్క ఫోన్ చేసింది. "ఏందే, తొక్కులు లెవ్వు. ఫోటోల కాడ ఉత్త డబ్బాలే కనవడుతున్నయ్. అన్నీ నువ్వే తిన్నవా ఏంది?"

నా దగ్గర చక్కగా కనిపిస్తున్నాయని మా కంప్యూటర్ క్లాసు మేడంతో వాదించాను. ఆమె నాకన్నా పదేళ్లు చిన్నది, ఓపిక మాత్రం పెద్దది. "అక్కా, నువ్వు రాసింది మన జనగామ కంప్యూటర్ల అడ్రసు. పేజీ ఇప్పుడు వేరే కాడున్నది, దానికి మన డి డ్రైవు యాడ దొరుకుతది? పేజీ కాడ నిలవడి దారి చెప్పు. పక్కనే బొమ్మల ఫోల్డరు, దాంట్ల మామిడి తొక్కు. గంతే."

సిగ్గేసింది. అక్షరాలు రాని రోజుల్లో నేను దారి చెప్పింది అచ్చం అట్లాగే: ఇక్కడి నుంచి రెండిళ్లు దాటు, బోరింగు పక్క సందులోకి తిరుగు. ఎవరూ తప్పిపోలేదు. పదకొండు ఫోటోల అడ్రసులూ కుదించాను. అన్నీ కనవడుతున్నయని పెద్దక్క చెప్పింది. అయినా నాకు నమ్మకం కుదరలేదు. సాయంత్రం వచ్చిన ఫోటోలు పొద్దుటికి ఉంటాయని ఎవరు చూడొచ్చారు?

మర్నాడు పొద్దున్నే పదకొండు రకాల తొక్కులూ సీసాల్లో సర్దుకుని మొదటి బస్సెక్కి భూపాలపల్లి పోయాను. అప్పటికే మేనేజరు ఫోన్లో ఫోటోలన్నీ చూస్తున్నాడు. "మంచిగనే వచ్చినయ్ గదనే, నువ్వెందుకొచ్చినవ్?" అంది పెద్దక్క. ఆయన ఫోను పక్కన పెట్టి, ఒక సీసా మూత తీసి, అన్నం తెప్పించాడు. ఆర్డరు పేజీకి వచ్చిందా, సీసాకు వచ్చిందా అని పెద్దక్కా నేనూ ఇప్పటికీ వాదించుకుంటాం. కానీ ఆ బస్సులో, కుదుపు వచ్చినప్పుడల్లా ఒళ్లోని సంచిని రెండు చేతులా పొదువుకుని కూర్చున్న ఆ మనిషిని, అప్పటి నన్ను, తలచుకుంటే నవ్వొస్తుంది. పక్కన కూర్చుని, ఆ సంచి కాసేపు నేను పట్టుకుంటే బాగుండుననీ అనిపిస్తుంది.