ఎర్రగుడ్డ లేని భర్మారు

మా చెల్లెకు ఎడమ చెవి వినబడదు. అది పోగొట్టింది నేను. ఈ రెండు ముక్కలు ఎవరికీ చెప్పలేక ఇన్నేళ్లూ గొంతులోనే మోశాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

మాది మంథని దగ్గర పల్లె. మక్కచేనులో పడే అడవిపందుల కోసం బాపు భర్మారు తుపాకీ ఉంచేవాడు. మందు నింపితే గొట్టానికి ఎర్రగుడ్డ కట్టేవాడు. గుడ్డ లేదంటే ఖాళీ. అది మా ఇంటి గుర్తు. ఒకరోజు చెల్లె బొమ్మకు చీర లేదని ఏడుస్తుంటే, కొయ్యకున్న ఆ గుడ్డ తీసి నేనే చుట్టాను. ఎంత మురిసిందో పిచ్చిది. సాయంత్రం బాపు గుడ్డ వెతికి, దొరకక, గుడ్డ కట్టకుండానే తుపాకీ నింపి గోడకు తగిలించాడట. నాకేం తెలుసు?

మర్నాడు బడిలో సారు తుపాకుల గురించి జాగ్రత్తలు చెప్పాడు. ఇంటికొచ్చి భర్మారు దించాను. సారును వెక్కిరించాలని, అంతే.

"అక్కా, ముట్టకు. ఖాళీ తుపాకి అనేదే లేదన్నడు సారు."

"ఓ పంతులమ్మా, గుడ్డ లేదు, కండ్లు కనవడ్తలేవా?"

మీట నొక్కాను. గుండ్లు గోడలో దిగాయి. చెవి పక్కనే పేలిన చప్పుడుకు చెల్లె సొమ్మసిల్లింది. బాపు ఉరికొచ్చేసరికి నా నోట్లోంచి వచ్చిన మాట, "చెల్లె ముట్టింది." ఎందుకట్లా అన్నాను? దెబ్బలకు భయపడ్డానా? లేక, అక్కా అక్కా అని నా వెంటే తిరిగే ఆ పిల్ల ఇక నా దగ్గరికి రాదేమోనని భయపడ్డానా? తేరుకున్నాక తనకేమీ గుర్తులేదంది. ఆమెకూ అదే అబద్ధం చెప్పాను. నమ్మింది. నేనేది చెప్పినా నమ్మేది.

ఇప్పుడామె సుల్తానాబాద్‌లో నిజంగానే పంతులమ్మ. మొన్న తన బడికి నన్ను తీసుకుపోయింది. ఏటా చెప్పే పాఠమేనట. పిల్లల ముందు నిలబడి చెవి పట్టుకుంది.

"మా సారు మాట నేను ఇనలే. తుపాకి ముట్టిన. గందుకే గీ చెవి పోయింది. మీరన్న ఇనుండ్రి." ఆగి, నన్ను చూపించి నవ్వింది. "గప్పుడు నా చెవిల మందు వోసింది మా అక్కనే."

పిల్లలంతా లేచి నాకు దండం పెట్టారు. నేనూ పెట్టాను.

ఏ మందో ఆమెకు తెలియదు. సారు మాట విన్నది మా ఇంట్లో ఆమె ఒక్కతే అనీ తెలియదు. మీకు చెప్పాక గుండె బరువు కొంచెం దిగింది. ఆమెకింకా చెప్పలేదు.