ఓర్లీనా అక్క ఎంచుకున్న ఇరవైరెండు

మా బావగారు డెన్వర్ స్కాగ్స్ పెళ్ళి ఒక పంది తొడ వల్ల కుదిరింది. చర్చి వాళ్ళు పెట్టిన గురి పందెంలో గెలిచినవాళ్ళకు ఉప్పు పట్టించి పొగబెట్టిన తొడ బహుమానం. ఆయన అప్పటికి మా కెంటకీ కొండల్లో తనంత గురికాడు లేడని చెప్పుకు తిరుగుతున్న గని కుర్రాడు. అందరూ ఓడిపోగా చివరికి మిగిలింది ఆయనా, రొట్టెల పిండి కలిపిన చేతులు సరిగ్గా కడుక్కోకుండానే పరుగెత్తుకొచ్చిన పందొమ్మిదేళ్ళ పిల్లా. ఆ పిల్లే గెలిచింది. ఆయన టోపీ తీసి, "అంత తొడ నువ్వొక్కదానివే ఎట్టా తింటావ్?" అన్నాడట.

"మా అమ్ముంది, ఇద్దరు తమ్ముళ్ళున్నారు. మాకే చాలదేమో!" అందట ఆ పిల్ల.

తరవాతి ఆదివారం ఆయన ఇంకో తొడ కొనుక్కుని వాళ్ళ గుమ్మంలో నిలబడ్డాడు.

ఆ పిల్లే నా తోడికోడలు ఓర్లీనా. డెన్వర్ తమ్ముణ్ణి చేసుకుని నేను ఆ ఇంట్లో అడుగుపెట్టేనాటికి ఆవిడ బడి వంటశాలలో పిల్లలకు వండిపెట్టే మనిషి. భారీ విగ్రహం, చిన్న గొంతు, ఎప్పుడు ఎందుకు నవ్వుతుందో తెలియని నవ్వు. గురి ఆమెకు తల్లి నేర్పింది. తండ్రి గనిలో ఉంటే పులుసులోకి మాంసం తెచ్చే పని తల్లిది. ఆ తల్లి పోయాక ఆమె ఇరవైరెండు మా అక్కకు వచ్చింది. మా కొండల్లో ఉడుతల వేటకు వాడే ఆ చిన్న తూటాల తుపాకీని రైఫిల్ అనేవాళ్ళు తక్కువ. ఇరవైరెండు అంటేనే అర్థమవుతుంది. అక్క దానితో తలకు తప్ప ఇంకెక్కడా కొట్టేది కాదు. ఒంట్లో తూటా దిగితే మాంసం పాడవుతుంది, కూరలో సీసం పంటికింద పడుతుంది.

డెబ్భై ఏడు ఏప్రిల్‌లో ఏరు పొంగి మా లోయలోకి వచ్చింది. మనుషులందరం గుట్టెక్కి బతికాం. ఓర్లీనా అక్క వంటింటి గోడ పోయింది, పొయ్యి పోయింది, గుమ్మం పైన మేకులకు ఆనించి ఉండే ఇరవైరెండు కూడా పోయింది. పొయ్యి పోయినందుకు ఆవిడ ఒక్క మాట అనలేదు. ఆ వేసవంతా మాత్రం గుమ్మం దాటేటప్పుడల్లా ఒకసారి తల పైకెత్తేది. పైన మేకులు కూడా లేవు.

జులైలో ఒకరోజు, "ఆగస్టులో వేట మొదలయ్యేలోపు ఒకటి కొనుక్కోవాలే. రావే వెల్మా, హోబర్ట్ కొట్టుకు పోదాం," అంది నాతో.

హోబర్ట్ నేపియర్ కొట్టు అంటే మేకులు, గొడ్డళ్ళు, విత్తనాలు, బూట్లు, తుపాకులు అన్నీ ఒకచోటే. చిన్నప్పుడు బడిలో అక్క వడ్డించిన చిక్కుడు గింజలు రెండోసారి అడిగి తిన్న పిల్లల్లో అతనొకడు. నలభై ఏళ్ళొచ్చినా ఆవిడంటే బడిపిల్లాడి బెదురు పోలేదు.

"రా ఓర్లీనత్తా! ఇదిగో, దీన్ని చూడు," అంటూ ఒక తుపాకీ తీసి బల్ల మీద పెట్టాడు. కింద మీట లాగితే తూటా ఎక్కే రకం. ట్రిగ్గరుకు బంగారు పూత, అక్రోటు చెక్క మీద ఆకులు తీగలు చెక్కారు. నాకైతే కళ్ళు చెదిరాయి.

అక్క దాన్ని భుజానికి ఆనించి చూసి, దించి, "ఆ మూలనున్నదేంది?" అంది.

"అదా! అది మొద్దుది. తలుపు గడియలాగా వెనక్కి లాగి మూసే రకం. చెక్క చూడు, తుప్పురంగు పూసినట్టుంది. ధర దీన్లో సగం కూడా లేదు. అది నీకెందుకత్తా?"

అక్క మొద్దుదాని గడియ ఊడదీసి, తెల్ల కాగితం ముక్క వెనక పెట్టి గొట్టంలోంచి చూసింది. జేబు రుమాలులోంచి దారప్పోగు లాగి గొట్టం మూతి చుట్టూ తిప్పింది. ఎక్కడా పట్టుకోలేదు, అంచు నునుపుగానే ఉంది. ఖాళీ తూటా గుల్ల ఒకటి అడిగి లోపల పెట్టి ట్రిగ్గరు నొక్కింది. ఉత్తినే నొక్కితే ఈ చిన్న తుపాకులకు లోపలి అంచు నలుగుతుంది. "ట్రిగ్గరు కొంచెం బరువు. కానీ సాగకుండా ఒక్కసారే తెగుతోంది," అంది. మెరిసేదానికీ అవే పరీక్షలు చేసింది. ఆ తరవాత తీరిగ్గా, "సరే, రెండూ కాల్చి చూసి చెబుతా," అంది.

హోబర్ట్ నోరు తెరిచాడు. "కాల్చి చూస్తావా? కొట్టులో కాల్చిన తుపాకీ పాతదాని కింద లెక్కత్తా!"

"నీ దగ్గర బూట్లు తొడిగి చూడకుండా ఎవరన్నా కొంటున్నారా?"

"బూట్లలోంచి పొగ రాదు కదత్తా!"

"మీ ఆయన బూట్లలోంచి వస్తదే వెల్మా?" అంది అక్క నావైపు తిరిగి. హోబర్ట్ నవ్వు ఆపుకోలేకపోయాడు. అది అతని ఓటమి. "సరే, శనివారం కొట్టు వెనక. నువ్వే తుడిచి ఇవ్వాలి. నలుగురికీ చెబుతా, నాలుగు కూల్‌డ్రింకులన్నా అమ్ముడుపోతాయి," అన్నాడు. ఒప్పుకున్నాడే గాని ముఖంలో ఏదో ఇబ్బంది కనిపించింది. తుపాకులు పాతబడతాయనే బాధేమో అనుకున్నాను.

శనివారం కొట్టు వెనక జాతరే. వరద వచ్చినప్పటినుంచి బురద ఎత్తడం తప్ప వేరే పనిలేని జనం కుర్చీలు తెచ్చుకుని కూర్చున్నారు. ఏటి ఒడ్డున మట్టి చరియకు పాత కేలండరు కాగితాలు తిరగేసి అంటించారు. మధ్యలో బొగ్గుతో చుక్కలు పెట్టింది నేనే. యాభై గజాల ఇవతల బల్ల, దానిమీద మొక్కజొన్న పిండి సంచి. తుపాకీ కదలకుండా ఆ సంచి మీద ఆనించి కాల్చాలి. మనిషి చెయ్యి వణికితే తప్పు తుపాకీది కాకూడదు గదా.

డెన్వర్ బావగారు ముందు వరసలో కూర్చున్నారు. బొగ్గు దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్ని తినేసింది. నాలుగడుగులు వేస్తే ఆగి ఆయాసపడాలి, మాటలకు మాత్రం ఆయాసం లేదు. "ముందు ఆ బంగారు ట్రిగ్గరుదాన్ని కాల్చవే! మహారాణిలా ఉంది," అని అరుస్తున్నారు.

"మహారాణులు ఉడుతల్ని కొట్టరయ్యా," అంటూ అక్క మొద్దుదాన్నే ముందు తీసింది. హోబర్ట్ తన దగ్గరున్న ఖరీదైన తూటాల పెట్టె ఇచ్చాడు. కాల్చింది. అయిదు దెబ్బలయ్యాక కాగితం తెచ్చి చూస్తే ఫరవాలేదు, అంతే. కోడిగుడ్డు కింద దాగేంత మేరలో పడ్డాయి రంధ్రాలు. అక్క పెదవి విరిచింది.

తరవాత మెరిసేది. మీట లాగుతుంటే ఆ చప్పుడే వేరు. జనం చప్పట్లు కొట్టారు. కాగితం వచ్చాక చప్పట్లు ఆగాయి. సాసరు పెట్టినా కప్పలేనంత ఎడంగా ఉన్నాయి.

"ఇది బ్యాంకు మేనేజరు గోడకు తగిలించుకోవాల్సింది," అంది అక్క. అందరూ గొల్లుమన్నారు. డెన్వర్ ఒక్కరే నవ్వలేదు. మెడదాకా ఎర్రబడ్డారు.

హోబర్ట్ నా చెవి దగ్గరకొచ్చి గొణిగాడు. "వెల్మక్కా, చచ్చాను. అది అమ్ముడుపోయింది. వచ్చే వారం ఓర్లీనత్త అరవయ్యో పుట్టినరోజంట. డెన్వర్ మామ జూన్‌లోనే డబ్బు కట్టేసి దాచమన్నాడు. నేనేమో ఆ రోజు, ఆవిడకు నచ్చుతుందో లేదో చూద్దామని తీసి బల్ల మీద పెట్టా!"

నేను మెల్లగా అక్క పక్కన చేరి, తూటాలు అందిస్తున్నట్టు వంగి విషయం చెప్పాను. ఆవిడ చెయ్యి పెట్టె మీదే ఆగిపోయింది. డెన్వర్ వైపు చూసింది. ఆయన తన బూట్ల వంక చూసుకుంటున్నారు. పింఛను డబ్బులో మిగిల్చి కట్టి ఉంటారు. పొగాకు మానేశానని ఆ వేసవిలో ఆయనెందుకన్నారో నాకప్పుడు అర్థమైంది.

అక్క లేచి నిలబడి, "ఒరేయ్ హోబర్టూ, పాపం దానికి ఈ తూటాలు పడలేదేమో. ఒక్కో తుపాకీకి ఒక్కో తిండి రుచిస్తుంది. ఇంకో రకం తీసుకురా," అంది.

ఇంకో రకం వచ్చింది. ఆ తరవాత మరో రకం. ఒక్కో పెట్టె మార్చే ముందు గొట్టం తుడిచి, సంచి సర్ది, ఊపిరి బిగబట్టి కాల్చింది. చంటిపిల్లకు అన్నం తినిపించినట్టు బతిమాలింది ఆ తుపాకీని. సాసరు సాసరుగానే ఉంది. ఎండ ముదిరింది. కూల్‌డ్రింకులు అయిపోయాయి. హోబర్ట్ నిచ్చెన వేసుకుని పై అరలోంచి దుమ్ముకొట్టుకున్న పెట్టెలు దించాడు. అన్నిటికంటే చవక రకం, నెమ్మదిగా పోయే తూటాలు. ఎవరూ కొనక ఏళ్ళ తరబడి పైనే ఉండబట్టి వరదకు తప్పించుకున్నాయి. వాటితోనూ అంతే.

ఆవిడ మళ్ళీ పెట్టెలో చెయ్యి పెట్టబోతుంటే డెన్వర్ లేచారు. "ఇంక ఆపవే ఓర్లీనా," అన్నారు. "అది గురికి కొట్టదు. నా కళ్ళకు కనపడుతోంది గదా. నీకీపాటికి ఎవరో చెప్పేసి కూడా ఉంటారు. లేకపోతే ఒక తుపాకీని ఇంతసేపు బతిమాలే మనిషివి కాదు నువ్వు."

"చాలా అందంగా ఉందయ్యా," అంది అక్క. గొంతు ఇంకా చిన్నదైంది.

"అందం చూసే కొన్నా. ఆ రోజు పందెంలో నిన్నూ అట్టాగే చూశా. అప్పుడు అందం, గురి రెండూ ఒకదాన్లోనే దొరికినయ్యి. ప్రతిసారీ దొరుకుతాయా!"

ఎవరో ఈల వేశారు. అక్క పిండి సంచి మీదికి వాలిపోయి, ఆప్రాన్‌లో ముఖం పెట్టుకుని నవ్వింది. ఏడ్చిందేమో కూడా. నవ్వైతే అందరికీ వినపడింది.

ఆయాసం తీర్చుకుని డెన్వర్ బల్ల వైపు వేలు చూపించారు. "ఆ పెట్టెలో మిగిలినయ్యి పారెయ్యకు, ఆ మొద్దుదాన్లో కాల్చెయ్. విప్పిన పెట్టె హోబర్ట్ మాత్రం ఎవరికి అమ్ముతాడు?"

ఆవిడ సరేనని దులుపుకుని కూర్చుంది. పెద్దగా పట్టించుకోకుండానే కాల్చింది. మొదటి దెబ్బ చుక్క పక్కన పడింది. రెండోది ఎక్కడ పడిందో మాకు కనపడలేదు. మూడోదీ అంతే. "అవతలికి పోతున్నాయా ఏంది?" అన్నారెవరో. అక్కకు మాత్రం ఉన్నట్టుండి భుజాలు దిగాయి, చెంప చెక్కకు అతుక్కుపోయింది. మిగతా రెండూ తొందరపడకుండా కాల్చింది.

కాగితం తేవడానికి హోబర్ట్ వెళ్ళాడు. వెళ్ళినవాడు అక్కడే నిలబడిపోయాడు. "అత్తా! రంధ్రం ఒక్కటే ఉందే!" అని కేకేశాడు. అయిదూ ఒకదాన్లో ఒకటి దిగి, చొక్కా గుండీ పెడితే దాగిపోయేంత చిరుగు ఒక్కటే చేశాయి. కాకతాళీయమేమోనని మళ్ళీ కాల్పించారు. మళ్ళీ గుండీయే. మూడోసారి డెన్వర్ తన చొక్కా గుండీ నిజంగానే తెంపి కాగితం మీద పెట్టి, జనమంతటికీ తిప్పి చూపించారు.

"మామా, ఆ మెరిసేదాని డబ్బులు వెనక్కిచ్చేస్తా," అన్నాడు హోబర్ట్.

"వెనక్కెందుకురా? ఈ మొద్దుదాన్నివ్వు, ఆ దుమ్ము పెట్టెలన్నీ ఇవ్వు. మిగిలిందాంతో ఆవిడకో మంచి పొయ్యి చూడు."

"అట్టాంటి తూటాలే మళ్ళీ తెప్పిస్తాలే అత్తా," అని హోబర్ట్ అంటే అక్క ఒప్పుకోలేదు. "పేరొకటే అయినా ఇంకోసారి చేసినవి ఇట్టాగే ఉంటాయని ఏం నమ్మకంరా? ఈ తడవ చేసినవే, ఉన్నవన్నీ కట్టు," అంది. ట్రక్కు వెనక పొయ్యి, పొయ్యిలో తూటాల పెట్టెలు, ఒళ్ళో తుపాకీ. అలా ఇంటికి చేరాం.

వేట మొదలయ్యే రోజు తెల్లవారుజామున నేను సంచీ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళేసరికి డెన్వర్ బూట్లు తొడుక్కుంటున్నారు. ఆయన కొండెక్కి ఎన్నో ఏళ్ళయింది.

"నువ్వెక్కడికి?" అన్నాను, బావగారనే మర్యాద కూడా మరిచి.

"నా డబ్బుతో కొన్న తుపాకీ ఎట్టా పనిచేస్తుందో నేను చూడొద్దా మరదలా?"

అక్క ఎప్పుడూ శిఖరం దాకా పోయేది, ఆ రోజు ఇంటి వెనకే ఉన్న హికరీ చెట్ల కిందికి దారి తీసింది. ఆయన ఆగినప్పుడల్లా తనూ ఆగి, బూటు లేసు కట్టుకున్నట్టో పుట్టగొడుగు చూసినట్టో నటించింది. పొగమంచు ఇంకా విడలేదు. పై కొమ్మల్లో ఉడుతలు పచ్చికాయలు కొరుకుతుంటే పొట్టు మా టోపీల మీద సన్నగా రాలుతోంది. ముగ్గురం ఓ పడిపోయిన దుంగ మీద కూర్చున్నాం. అక్క తుపాకీ ఎత్తి, గురి చూసి, ఏమనుకుందో దించి ఆయన ఒళ్ళో పెట్టింది.

"నా చేతులు వణుకుతాయే," అన్నారాయన గుసగుసగా.

"నా భుజం మీద ఆనించు."

ఆయన ఆమె వెనక చేరి, ఆ వెడల్పాటి భుజం మీద గొట్టం ఆనించారు. అక్క చెవులు మూసుకుంది, ఊపిరి కూడా ఆపినట్టుంది. టప్ మని చిన్న చప్పుడు. ఉడుత ఆకుల్లోంచి జారి మెత్తగా కిందపడింది. నేను వెళ్ళి తీసి చూశాను. సరిగ్గా తలకు!

డెన్వర్‌కు నవ్వాగలేదు. నవ్వు దగ్గయింది, దగ్గు మళ్ళీ నవ్వయింది. కొమ్మల్లో ఉన్న ఉడుతలన్నీ తలో దిక్కూ దూకాయి.

"ఉష్! వేటంతా చెడగొడుతున్నావ్ ముసలోడా," అని అక్క కసిరింది. ఆ మాట పూర్తయ్యేలోపే తనకూ నవ్వొచ్చింది. అడివంతా మళ్ళీ సద్దుమణగడానికి చాలాసేపు పట్టింది. ఆ తరవాత సంచీ నిండేదాకా ఆవిడే కొట్టింది. ఆయన ఒక్కో దెబ్బకూ చేత్తో నా మోకాలు మీద తట్టి లెక్క చెప్పారు.

ఆ సాయంత్రం కొత్త పొయ్యి మీద ఉడుత మాంసం వేయించి, ఆ మూకుట్లోనే పిండీ పాలూ పోసి చిక్కటి గ్రేవీ చేసింది అక్క. వంటింటికి ఇంకా మూడు గోడలే. నాలుగో వైపు గుడ్డ పరదా. వాసనను అదెక్కడ ఆపుతుంది! చీకటి పడకముందే లోయలోని వాళ్ళు ఒక్కొక్కరూ గిన్నెలు పట్టుకుని పరదా ఎత్తి తొంగిచూడటం మొదలెట్టారు.

"అట్టా నిలబడ్డారేం? కూర్చోండి, రొట్టెలు వేడిగా ఉన్నాయ్," అంది ఓర్లీనా అక్క. మళ్ళీ పిండి కలపమని పళ్ళెం నావైపు తోసింది.