తలుపు తట్టని పిల్ల

దొరసాని ఇచ్చిన బొమ్మల పుస్తకంలో అక్షరాలు మనవి కావు. కాబట్టి కథ నా ఇష్టం. ఒక పేజీలో మూసిన తలుపు ముందు ఒక పిల్ల చెయ్యెత్తి నిలబడి ఉంటుంది. లోపల ఇంకో పిల్ల మనకు వీపు పెట్టి కూర్చుని ఉంటుంది. కడియం అవతల కాలవ గట్టున, మిషను వారి ఆడపిల్లల బడిలో, ఆ బొమ్మ చూపించి నేను పాఠం చెప్పేదాన్ని. "నేస్తమైనా సరే తలుపు తట్టాలి. తట్టి ఆగాలి. లోపలి పిల్ల రానంటే మూతి ముడుచుకోకుండా వెనక్కి వెళ్లాలి."

నిజానికి ఆ పాఠం ఒక్కదాని కోసం. అదేమో చెవిన పెట్టేది కాదు. రైతుబిడ్డ, వట్టి గడుగ్గాయి. దానికో నేస్తం ఉండేది, వయసులో చిన్నది, నోట్లో నాలుక లేనిది. మా వైపు ఆడపిల్లలు అట్లతద్దినాడు ఒకరి చేతికొకరు పసుపు తోరం కట్టి నేస్తం కట్టుకుంటారు. ఆ తర్వాత పేరు పెట్టి పిలుచుకోరు. పిలిస్తే రానని అనరు. ఈ రెండో కట్టుబాటు పెద్దదానికి బాగా కలిసొచ్చింది. చిన్నది అన్నం తింటున్నా సరే, నిద్రపోతున్నా సరే, దొడ్డి తలుపు తోసుకుని వెళ్లి చెయ్యి పట్టుకుని కాలవలోకి లాక్కుపోయేది.

"తలుపు తట్టావటే?" అని అడిగితే, "నా నేస్తం ఇంటికి నేను తట్టడమేంటండీ" అనేది. నాకు ఒళ్లు మండేది. అయినా అది నవ్విందంటే నా కోపం నిలిచేది కాదు, అంత ముద్దుగా ఉండేది.

ఆ వానాకాలం జ్వరాల్లో పెద్దది పోయింది.

కొన్నాళ్లకు చిన్నది బడి మానేసింది. దాని తల్లి నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"మిట్టమధ్యాహ్నం దొడ్డి తలుపు దడదడలాడుతుందండి. నేస్తం పిలుస్తోంది, వెళ్లాలి అంటుందండి పిల్ల. నిన్న కాలవలో పీకల్లోతు దిగిపోతే లాక్కొచ్చామండి. తోరం తెంపేద్దామంటే చెయ్యి ఇవ్వదు. మీ మాటైతే వింటుందండి, పంతులమ్మగారూ."

దయ్యాల కబుర్లంటే నాకు చిరాకు. గాలికి తలుపు కొట్టుకుంటోంది, పిల్ల బెంగ పెట్టుకుంది, అంతే అనుకున్నాను. పుస్తకం చంకన పెట్టుకుని బయలుదేరాను. మామూలుగా ఆ ఇంట్లో నన్ను వసారా దాటనివ్వరు. ఆ రోజు తల్లే నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది.

పిల్ల చిక్కి పుల్లలా ఉంది. పుస్తకం తెరిచి ఒళ్లో పెట్టాను.

"పిలిస్తే రానని అనకూడదు కదండీ" అంది.

"ఎవరే చెప్పింది నీకు? ఈ లోపలి పిల్లను చూడు. రానంది. అయినా ఇద్దరూ నేస్తాలే."

"కోపం వస్తుందేమోనండి."

"రానీ. కోపమొచ్చినంత మాత్రాన నేస్తం పోతుందా?"

అప్పుడు తలుపు అదిరింది. కిటికీలోంచి చూశాను. దొడ్లో అరటాకు కూడా కదలడం లేదు. ఎవరో భుజంతో నెడుతున్నట్టు గడియ ఎగిరెగిరి పడుతోంది. ఆ నెట్టుడు నాకు తెలుసు. మా బడి తలుపు కూడా పెద్దది రోజూ అలాగే నెట్టుకొచ్చేది. లేచి గడియ తియ్యబోయాను. ఎందుకు లేచానో ఇప్పటికీ నాకు తెలియదు.

చిన్నది నా కొంగు పట్టుకుని ఆపింది. తలుపు దగ్గరికి వెళ్లి నిలబడింది.

"నేస్తం, నేను రాను. నీ మీద కోపం లేదు. నాకు ఆ నీళ్లంటే భయం. మొదట్నించీ భయమే. నీకెప్పుడూ చెప్పలేదు."

చప్పుడు ఆగిపోయింది. తల్లి పిల్లను ఒళ్లోకి లాక్కుంది. అంతా అయిపోయిందని నేను పుస్తకం మూశాను.

మూశానో లేదో, తలుపు మీద మెల్లగా, వేళ్లతో తట్టిన చప్పుడు. తట్టి, ఆగింది.

పిల్ల నా వైపు చూసింది. చెప్పమన్నట్టు తల ఊపాను.

"రాను నేస్తం. నువ్వెళ్లు" అంది పిల్ల.

ఇంక ఆ తలుపు కదల్లేదు, ఆనాడే కాదు, ఆ తర్వాత కూడా. చిన్నది తల్లిని అన్నం పెట్టమని అడిగింది. తల్లి వంటింట్లోకి పరిగెత్తింది. నేను మాత్రం పుస్తకం పట్టుకుని అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. బతికున్నన్నాళ్లూ ఆ గడుగ్గాయి ఒక్క తలుపు కూడా తట్టి ఎరగదు.