సుబేదార్ సాబ్ ఈల ఊదిన పెళ్లి

ఆ రోజుల్లో, అంటే డిగ్రీ పట్టా చేతికొచ్చి ఉద్యోగం మాత్రం రాని రోజుల్లో, మర్యాదగా నవ్వడం వస్తే చాలు, ఎలాంటి కస్టమర్‌నైనా సముదాయించొచ్చని నా గట్టి నమ్మకం. (అద్దం ముందు సాధన కూడా చేశాను.) ఆ నవ్వు చూసే నాంపల్లి స్టేషన్ దగ్గర ఓ లాడ్జి వాళ్లు నన్ను రిసెప్షన్‌లో కూర్చోబెట్టారు. మేనేజరు సైన్యంలో చేసి రిటైరైన పెద్దమనిషి. అందరం సుబేదార్ సాబ్ అనేవాళ్లం. మనిషీ నిటారే, మీసమూ నిటారే. ఎవరైనా గొడవకొస్తే ఈయన ఏం చేస్తారోనని నాకు లోలోపల దడ.

ఒక పొద్దున ఆ గొడవ రానే వచ్చింది. రాజమండ్రి నుంచి వచ్చిన మగపెళ్లివారు మూడో అంతస్తంతా తీసుకున్నారు. అబిడ్స్‌లో పెళ్లి, పొద్దున్నే ముహూర్తం. సరిగ్గా పెళ్లికొడుకు ఒంటికి సబ్బు రాసుకున్న వేళ మోటారు కాలిపోయింది, పై ట్యాంకులో చుక్క లేదు. జనమంతా మెట్ల మీంచి విరుచుకుపడ్డారు. అందరికంటే ముందు పెళ్లికొడుకు మేనమామ, నడుముకి తువ్వాలు, ముఖాన నురగ. "ఏవయ్యా, ముహూర్తం దాటిపోతే నువ్వొచ్చి కడతావా తాళి?" అని కౌంటర్ మీద చరిచాడు. వెనక నుంచి ఎవరో, "రివ్యూలో ఏకిపారేస్తాం!" అన్నారు. నా నవ్వు ఎటు పోయిందో! ప్లంబర్‌తో మాట్లాడుతున్నట్టు ఫోను చెవిన పెట్టుకుని కౌంటర్ కిందికి ఒదిగిపోయాను. (ఫోను తలకిందులుగా ఉందని తర్వాత తెలిసింది.)

లోపల్నుంచి సుబేదార్ సాబ్ వచ్చారు. ఇంకేముంది, చెయ్యి లేస్తుందని కళ్లు మూసుకున్నాను. "తప్పు మాదే సార్" అని వినిపించి తెరిచాను. "మోటర్ బాగయ్యేదాక ఆగితే పెండ్లి ఆగుతది. కింద సంపుల నీళ్లున్నయ్. మీ మొగోళ్లు జర సాయం పట్టాలె. మీరు పైనుండి అందరిని నడిపియ్యిన్రి, మీ గొంతు మస్తుగుంది" అంటూనే జేబులోంచి ఈల తీసి ఊదారు! లాడ్జి దద్దరిల్లింది. నేను నోరు తెరిచాను. కొట్టడానికొచ్చినవాళ్లే సంపు దగ్గర్నుంచి మెట్ల మీద వరసగా నిలబడి, పట్టుపంచెలు ఎగ్గట్టి బకెట్లు అందించుకుంటున్నారు! పైనుంచి మేనమామ, "ఒలకనివ్వకండ్రా! ముందు పెళ్లికొడుక్కి!" అని గావుకేకలు. "ముందుగాల పెండ్లికొడుకు నాయనమ్మకు సార్!" అని కిందినుంచి ఈయన. నన్నూ వదల్లేదు. "ఏంది బిడ్డా, గాడ దాక్కున్నవ్? రా" అని వరసలోకి లాగారు. ముహూర్తం దక్కింది. బస్సెక్కేముందు మేనమామ ఇటే వస్తుంటే మళ్లీ కౌంటర్ కిందికి ఒదగబోయాను. తీరా ఆయన, "మీరు రాకపోతే ఎలాగండీ, రండి!" అని సుబేదార్ సాబ్ చెయ్యి పట్టుకుని పెళ్లికి లాక్కుపోయాడు.

సాయంత్రం అడిగాను, "అంతమంది మీదికొస్తే భయం కాలేదా సాబ్?" అని.

"ఎందుకు కాలే? కాళ్లు వణికినయ్. బార్డర్ల ఎదురుంగ వచ్చెటోడు దుష్మన్ అని ఎర్కైతది. గీడ వచ్చెటోడు మన ఇంటికొచ్చిన సుట్టం. ఏం జేస్తవ్ జెప్పు?"

ఆ రోజు ఈలకంటే, బకెట్లకంటే, నేను ఎక్కువగా అదిరిపోయింది ఈ మాటకే. ఆయన కాళ్లు కూడా వణుకుతాయా! ఇప్పుడు నేనూ ఓ హోటల్ మేనేజర్ని. కౌంటర్ దగ్గర గొంతులు లేస్తే నా కాళ్లూ వణుకుతాయి. వణకనీ అనుకుని ఎదురెళ్తాను. వణకనివాళ్లే ధైర్యవంతులనుకుని కౌంటర్ కింద దాక్కున్న ఆ కుర్రాడు అప్పుడప్పుడు గుర్తొస్తాడు. వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, ఓ చాయ్ ఇప్పించాలనిపిస్తుంది.