నీరటి ఇంటి పసుపు

నా బద్ధకం మా అక్కకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మాది బచ్చన్నపేట దగ్గర పల్లె. కాకతీయుల కాలపు చెరువుల మీద పరిశోధన చేస్తున్నానని అందరికీ చెప్పుకుంటూ, జనగామలో గది తీసుకుని మూడేళ్లు ఉన్నాను. ఆ మూడేళ్లలో రాసింది రెండు అధ్యాయాలు. మూడోది నెలాఖరులోగా ఇవ్వకపోతే గడువు పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టనని మా గైడు సారు ఖరాఖండిగా చెప్పేశారు. సంతకం లేకపోతే సీటు పోతుంది. ఊళ్లో నన్ను అప్పుడే డాక్టరమ్మను చేసేసిన బాపుకు ఏం చెప్పాలో తోచలేదు.

గదిలో మనసు నిలవడం లేదని భూపాలపల్లిలో అక్క వాళ్ల క్వార్టరుకు వెళ్లాను. బావకు బొగ్గు బావిలో పని. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలంతా పడుకుంటాడు కాబట్టి ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. రాసుకోవడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. అంత మంచి చోట కూర్చుని నేను చేసిందల్లా ఫోను చూడటం.

మొదటిరోజు ఎవరో స్కాన్ చేసి పెట్టిన పాత పుస్తకంలో యుద్ధపు ఏనుగులకు ఏం తినిపించేవారో చదివాను. రెండోరోజు ఉపగ్రహ చిత్రాల్లో రఘునాథపల్లి దగ్గర మొదలుపెట్టి, తెగిన చెరువు కట్టలన్నిటినీ వేలితో తడుముకుంటూ పోయాను. మూడోరోజు ముక్కూమొహం తెలియని ఇద్దరు ఒక కోట దర్వాజా గురించి కామెంట్లలో కొట్లాడుకుంటుంటే ఆసాంతం చదివి, ఇద్దరిదీ తప్పేనని తేల్చుకుని, కడుపునిండా అన్నం తిన్నాను.

"ఏందే, పుస్తకం తెరిస్తే కరుస్తదా?" అంది అక్క.

కరుస్తుందనే నా భయం. నా అధ్యాయమంతా కురవి దగ్గర ఒక పల్లెలో, చెరువు తూము పక్కన నిలబెట్టిన శాసనం మీద ఆధారపడి ఉంది. అచ్చయిన పుస్తకంలో దాని పై సగమే ఉంది. చెరువు ఎవరు తవ్వించారో ఆ సగం చెబుతుంది. తర్వాత దాన్ని ఎవరు కాపాడాలన్నది కింది పంక్తుల్లో ఉండాలి. అవి కనబడటం లేదని ఆ పుస్తకం చేతులెత్తేసింది. నేను ఇంకో అడుగు ముందుకు వేసి, ఊరివాళ్లు అజ్ఞానంతో పసుపు పూసీ పూసీ అక్షరాలు చెరిపేశారని నా చిత్తుప్రతిలో రాసి పెట్టుకున్నాను. ఆ రాయిని నేను ఒక్కసారి కూడా చూడలేదు. జనగామలో రైలెక్కితే మహబూబాబాద్‌లో దిగొచ్చు, అక్కడి నుంచి ఆటో. వెళ్లి చూస్తే నిజంగానే ఏమీ ఉండదేమో, నా చదువు అక్కడితో ఆగిపోతుందేమో అని మూడేళ్లు వాయిదా వేశాను.

నాలుగోరోజు, ఇంకేదో వెతుకుతుంటే, ఆ శాసనం ఉన్న పల్లె అమ్మాయి ఒకామె పెట్టిన వీడియో తగిలింది. నిరుడు వాళ్ల ఊళ్లో యాసంగి పంటకు తూము విప్పిన రోజు అది. ఒక ముసలామె తూము పక్కన ఉన్న శాసనపు రాయిని కడిగి, తడి పసుపు పూసి, అరచేత్తో గట్టిగా తుడిచింది. పైపసుపు చేతికి వచ్చేసింది. గీతల్లో పడ్డ పసుపు అక్కడే నిలిచింది. నల్లరాతి మీద అక్షరాలు పచ్చగా లేచాయి. అవి పుస్తకంలో లేని కింది పంక్తులు. నేను అరిచిన అరుపుకు బావ లేచి కూర్చున్నాడు.

కామెంటు పెట్టాను. ఆ అమ్మాయి గంటలోనే జవాబిచ్చింది. "వచ్చే బేస్తారం తూము ఇప్తరు. రా అక్కా, మా ఇంట్లనే తిందువు."

బేస్తారం అంటే గురువారం, అప్పటికి నెలాఖరుకు ఐదు రోజులు మిగులుతాయి. అక్క సద్ది కట్టి, వరంగల్ బస్సెక్కించింది. అక్కడి నుంచి రైలు. నేను ఊరు చేరేసరికి ఆ ముసలామె బిందెతో సిద్ధంగా ఉంది. తూము తెరిచి పొలాలకు నీళ్లు పంచే నీరటి ఇంటి కోడలట. తూము విప్పే ముందు ఆ ఇంటి ఆడమనిషి రాయిని కడగాలన్నది అక్కడి ఆనవాయితీ. ఆమె అరచేత్తో రాయిని తుడుస్తూ పోతుంటే నేను వెనకాలే ఫొటోలు తీశాను. ఎండకు పసుపు ఆరేలోపు అన్ని పంక్తులూ దొరికాయి.

అక్క ఇంటికి తిరిగొచ్చి, ఫొటోలు లాప్‌టాప్‌లోకి ఎక్కించుకుని, మూడు రోజులు ఫోను అక్క చేత బియ్యం డబ్బాలో దాచిపెట్టించి రాయడానికి కూర్చున్నాను. కింది పంక్తుల్లో ఉన్నది నీరటి సంగతే. కట్ట మీద మొలిచిన చెట్లు కొట్టాలి, గండ్లు పూడ్చాలి, తూముకు కాపలా ఉండాలి. అందుకు చెరువు కింద పొలం ఇచ్చారు. అప్పటి నీరటి, ఇప్పటి నీరటి ఒకటే వంశమని నేను చెప్పలేను, అందుకు ఆధారం లేదు. ఊరివాళ్లే అక్షరాలు చెరిపేశారన్న వాక్యం నా చిత్తుప్రతిలో కొట్టేసి, ఈ పంక్తులు చదవగలిగింది నీరటి ఇంటివారి పసుపు వల్లనేనని రాశాను. సారు అంతా చదివి, పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టారు.

ఆ వీడియో పెట్టిన అమ్మాయికీ, నన్ను మూడు పూటలా తిడుతూనే వండి పెట్టిన అక్కకూ నేను రుణపడి ఉన్నాను. నీరటి ఇంటి అవ్వకు మాత్రం ఎదురుగా నిలబడి చెప్పాలనిపించింది. తర్వాతి వారం మళ్లీ వెళ్లి, శాసనంలో ఏముందో ఆమెకు చదివి వినిపించాను.

"పొలం ఇచ్చిన్రా? గదేడుందో జర సూపెట్టు బిడ్డా" అని పకపకా నవ్వింది.

"అవ్వా, మీరే రాయి ఖరాబు చేసిన్రని నేను రాసిన. సూడకముందే రాసిన. తప్పయింది" అన్నాను. నాకు ఏడుపొచ్చింది.

ఆమె ఆ మాట పట్టించుకోలేదు. నా చేతిలో కాగితం వైపే చూస్తూ అడిగింది. "గది పోనియ్యి. మల్లోసారి సదువు. మేం చెయ్యాల్సినయి ఏమన్న మర్సిపోయినమా?"

నేను మొదటి పంక్తి నుంచి మళ్లీ చదివాను. చెట్లు, గండ్లు, తూము. ఒక్కొక్కదానికీ ఆమె తలూపింది.

"ఏం మర్సిపోలేదు అవ్వా" అన్నాను.