అక్క ముఖానికి పూసిన అర్దళం

మొన్న మా మనవరాలు ఫోటోకి వెళుతూ అద్దం ముందు ఒక పూటంతా కూర్చుంది. పౌడరు మీద పౌడరు వేస్తుంటే, "చాల్లేవే, ఆ ఫోటో పెట్టెకి ఏది నచ్చుతుందో మనకేం తెలుసు" అన్నాను. అది నవ్వింది. నా మటుకు నాకు నవ్వు రాలేదు, మా అక్క గుర్తొచ్చింది.

అప్పట్లో నాటకాల్లో ఆడవేషాలు మగవాళ్ళే కట్టేవారు. మీసం గీసుకుని, చీర కట్టి, మాకంటే ఒయ్యారంగా నడిచేవారు. అలాంటి రోజుల్లో కాకినాడ కంపెనీ ఆయనొకరు నాయిక వేషానికి ఆడమనిషినే పెడదామనుకుంటున్నారనీ, ముఖం చూడందే మాటివ్వరనీ, ముందు ఫోటో పంపమన్నారనీ రాజమండ్రిలో మా ఇంటికి కబురొచ్చింది. అక్క అప్పటికి పెళ్ళిళ్ళలో పాడేది. "పెళ్ళిలో నా పాట తాంబూలం నములుతూ వింటారే. నాటకంలో అయితే నోరు మూసుకుని వింటారు" అనేది. ఆ వేషం దక్కుతుందో లేదోనని వారం రోజులు తనకి అన్నం సయించలేదు.

అక్క ముఖానికి రంగు వేసే పని నాది. దీపాల వెలుగులో నాటకాలవాళ్ళ ముఖాలు మెరిసేది అర్దళంతోనే కదా అని, ఆ పసుప్పచ్చటి పొడిని కలిపి మందంగా పట్టించాను. ఫోటో తీసే గదికి అద్దాల కప్పు. కుర్చీ వెనక, తల కదలకుండా ఆనించడానికి ఒక ఇనుప కొక్కెం. పన్ను పీకే చోటికి వచ్చామేమోనని నేను భయపడ్డాను గానీ, అక్క ఊపిరి బిగబట్టి బొమ్మలా కూర్చుంది. వారానికి పటం వచ్చింది. తెల్లటి చీరలో బొగ్గులాంటి ముఖం.

ఫోటో ఆయన దగ్గరికి పరిగెత్తాం. ఆయన నెమ్మదిగా, "పసుపు రంగు మా ఫోటో పలక మీద నల్లగా పడుతుందండి" అన్నారు.

"ముందే చెప్పొచ్చు కదండీ" అన్నాను ఏడుపు గొంతుతో.

"ఆడవాళ్ళ అలంకారం గురించి నేనెలా మాట్లాడతానండీ, బాగుండదు కదా. ముఖం కడుక్కుని రండమ్మా, ఇంకోటి తీస్తాను."

గోదావరి జిల్లా మర్యాద అలా మా కొంప ముంచింది.

అక్క ఒప్పుకోలేదు. ఊహ తెలిసినప్పటి నుంచీ రంగు లేకుండా పరాయివాళ్ళ ఎదుట పడిన మనిషి కాదు. "బోసి ముఖం చూసి వేషం ఎవరిస్తారే? వచ్చిన అవకాశం కాస్తా పోతుంది" అని మెట్ల మీద చతికిలబడింది. తప్పు నాది కదా, గడ్డం పట్టుకుని బతిమాలాను. చివరికి నూతి దగ్గర ముఖం కడుక్కుని, బొట్టు మాత్రం పెట్టుకుని, విసురుగా వెళ్ళి కూర్చుంది. ఆ పటంలో అక్క ఎంత బాగుందో చెప్పలేను. కళ్ళలో నా మీద కోపం కూడా పడింది. పది రోజుల్లో, పడవెక్కి రమ్మని కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది.

అక్క పన్నెండేళ్ళు వేషాలు కట్టింది. జనం నోరు మూసుకునే విన్నారు. ఆ మంచి పటం కంపెనీతో ఊరూరా తిరిగింది, ఎన్నో చేతులు మారింది. అక్క పోయాక ఎంత వెతికినా దొరకలేదు. నా దగ్గరున్నది, సిగ్గుతో బట్టల అడుగున దాచిన నల్లదే. ఈమధ్య కళ్ళజోడు పెట్టుకుని చూస్తే ఆ చెంప మీద సన్నటి చారలు కనబడ్డాయి. అవి ఆ రోజు రంగు పూసిన నా వేళ్ళవి. అందరూ మెచ్చినదాన్ని కాలం పట్టుకుపోయింది, ఎవరికీ అక్కర్లేనిదాన్ని నాకు వదిలేసింది. అందులో అక్కా ఉంది, అక్కని తాకిన నా చెయ్యీ ఉంది.